మామయ్య గారికి ఫాస్టింగ్ బాగుంటోంది, భోజనం తర్వాత మాత్రం 262. తిండిలో ఏం మార్చాలి?

కేఆర్‌పురం కోడలు (సోమవారం రాత్రి 9:40)

నమస్తే అందరికీ. మా మామయ్య గారికి 63 ఏళ్లు, షుగర్ వచ్చి 9 ఏళ్లవుతోంది. కందుకూరు దగ్గర ఊళ్లో ఒక్కరే ఉంటుంటే జూన్‌లో బెంగళూరు తీసుకొచ్చేశాం. వంట నాదే, మాత్రల డబ్బా చూసుకునేదీ నేనే, అందుకే ఏ అంకె పెరిగినా నా తప్పేమో అనిపిస్తోంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. పోయిన వారం ల్యాబ్‌లో ఫాస్టింగ్ 118 వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం, కానీ మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలకు ఇంట్లో చూస్తే 262. వరుసగా మూడు రోజులు చూశాను, 250కి తగ్గలేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 7.9.

పొద్దున పెద్ద గ్లాసు రాగిజావ, షుగర్‌కి మంచిదని అందరూ చెప్పారని. పది గంటలకు రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం అన్నం, పప్పు లేదా పులుసు, ఒక వేపుడు, చివర్లో పెరుగన్నం. రాత్రి మూడు చపాతీలు, బంగాళదుంప కూర. స్వీట్లు ముట్టరు, కాఫీలో చక్కెర మానేసి ఐదేళ్లయింది. ఇంత నిష్ఠగా ఉండే మనిషికి ఇలా రావడం చూస్తుంటే బాధగా ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఒక పొడి డబ్బా ఇచ్చారు. క్రోమియం, దాల్చినచెక్క, మెంతులు, ఇంకేవో కలిపారట, 1,800 రూపాయలు. తిన్నాక పెరిగే షుగర్‌ని పోషకాలతోనే కట్టేస్తుందంటున్నారు. నిజంగా పనిచేస్తాయా ఇవి? అన్నం పూర్తిగా మానేయమని మాత్రం చెప్పకండి, ఆ మాట అంటే ఆయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పెన్నా ఒడ్డు (సోమవారం రాత్రి 10:15)

అమ్మా, ముందు ఆ డబ్బా మూత తీయకండి. నాకు షుగర్ వచ్చి 16 ఏళ్లు, జయనగర్‌లో ఉంటాను, ఇలాంటి డబ్బాలు నేనూ చాలానే కొన్నాను, ఒక్కటీ అంకెను కదిలించలేదు.

రెండు గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టారు? చెయ్యి కడుక్కున్నాక నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి లెక్క. మా అన్నయ్య అరగంట భోంచేసి ఆ తర్వాత నుంచి లెక్కపెట్టేవాడు, ఇక ఏ రోజు అంకెకీ పొంతన ఉండేది కాదు. వేలు సబ్బుతో కడిగి బాగా తుడిచాకే గుచ్చాలి, పండు కోసిన చేత్తో చూస్తే లేని షుగర్ కనపడుతుంది. ఇంకో సంగతి, ఇంట్లో మీటర్లకు 100 పైన 15 శాతం అటూఇటూ తేడాను ప్రమాణాలే అనుమతిస్తాయి. మీ 262 అసలు 225 అయినా కావచ్చు, 300 అయినా కావచ్చు. కాబట్టి ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి, నాలుగైదు రోజుల అంకెలు పక్కపక్కన రాసి చూడండి. మామూలుగా చెప్పే లక్ష్యం 180 లోపు. పెద్ద వయసువాళ్లకు డాక్టర్లు కొంచెం సడలిస్తారు, అది మీ డాక్టర్‌నే అడగండి.

లెక్కల పంతులు (సోమవారం రాత్రి 10:32)

హెచ్‌బీఏ1సీ 7.9 అంటే మూడు నెలల సగటు దాదాపు 180. ఫాస్టింగ్ 118 ఉన్న మనిషికి సగటు 180 వచ్చిందంటే మిగతాదంతా భోజనాల తర్వాతే పోగవుతోంది. చక్కెర వేసుకోకపోయినా పెరుగుతోంది కదా, ఆ పూట కంచంలో పిండి పదార్థం ఎంతుందో తూకం వేయండి.

పథ్యం గది (మంగళవారం ఉదయం 6:50)

కోడలు గారూ, మీ తప్పేమీ లేదు, ముందు అది మనసులోంచి తీసేయండి. నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని, సొంతూరు తెనాలి. రోజూ నా ముందు కూర్చునే మనవాళ్లలో సగం మందిది ఇదే కథ. రాగిజావ, ఇడ్లీ, అన్నం, చపాతీ, బంగాళదుంప, పేర్లు ఐదున్నా కడుపులోకి వెళ్లాక అన్నీ పిండే. మంచి తిండి అనే నమ్మకంతో పొద్దున్నుంచి రాత్రి దాకా పిండి మీద పిండి పెడుతున్నాం.

టైప్ 2లో భోజనం మొదలవగానే రావాల్సిన మొదటి విడత ఇన్సులిన్ బాగా తగ్గిపోతుంది. ఆ సమయంలో మెత్తగా ఉడికిన అన్నమో, జావో ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే పట్టుకునే చెయ్యి అక్కడ ఉండదు. పోషకాలతో మనం చేయగలిగిన పని ఆ దిగడాన్ని నెమ్మది చేయడం, ఇన్సులిన్‌ని కాస్త ముందుగా పిలవడం. నీటిలో కరిగే పీచు (మెంతులు, బెండకాయ, ఇసబ్‌గోల్, పప్పుధాన్యాల్లో ఉండేది) జిగురులా అయి పిండిని పట్టి ఉంచుతుంది. ప్రొటీన్ ముందు వెళ్తే పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది, దాంతో పొట్ట ఖాళీ అవడం మందగిస్తుంది, ఇన్సులిన్ కూడా అందుకుంటుంది.

అంటే ఏం తిన్నారన్నదే కాదు, ఏది ముందు తిన్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. 2015లో న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్ వైద్య కళాశాలలో మెట్‌ఫార్మిన్ వాడుతున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు పెట్టారు. ఒక రోజు బ్రెడ్, నారింజ రసం ముందు, పావుగంట తర్వాత చికెన్, కూరగాయలు. ఇంకో రోజు చికెన్, కూరగాయలు ముందు, బ్రెడ్ చివర. రెండో పద్ధతిలో గంటకు చూసిన షుగర్ 37 శాతం దాకా తక్కువ వచ్చింది. చిన్న అధ్యయనమే, 11 మందే, కానీ తర్వాత చేసినవాళ్లకూ ఇదే దిశలో ఫలితాలు వచ్చాయి, నా దగ్గరికి వచ్చేవాళ్ల పుస్తకాల్లోనూ చూస్తున్నాను. ఖర్చు లేదు, ఆయన అన్నం మానక్కర్లేదు.

క్రోమియం, దాల్చినచెక్క, విటమిన్ డి లాంటివి షుగర్ తగ్గించడానికి వాడమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెప్పడం లేదు. లోపం ఉంటే సంగతి వేరు. 9 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారంటే బీ12 పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి, ఆ మాత్ర బీ12ని తగ్గిస్తుంది, కాళ్ల తిమ్మిర్లు ఉంటే షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆయన గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. మనిషి భోంచేసినా చేయకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్‌ని తోస్తూనే ఉంటుంది. అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించి మాత్ర అలాగే ఉంచితే షుగర్ పడిపోతుంది. మార్పు మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి.

అనప పొలం (మంగళవారం ఉదయం 8:05)

పథ్యం గది అక్క చివర చెప్పిన ముక్క కోసమే రాస్తున్నాను. మాది అనంతపురం జిల్లా, ఇక్కడ యశవంతపురలో చిన్న హార్డ్‌వేర్ షాపు. రెండేళ్ల క్రితం మా నాయనకు గ్లిమిపిరైడ్‌తో పాటు తిన్నాక షుగర్ పెరగకుండా వోగ్లిబోస్ కూడా ఇచ్చారు. ఎవరో చెప్పారని నాయన పొద్దున కాకరకాయ రసం మొదలుపెట్టాడు, అదే వారం నేను రాత్రి సంగటి మాన్పించి ఉత్త కూర, మజ్జిగ పెట్టించాను. మంచి చేస్తున్నామనే అనుకున్నాం. మూడో రాత్రి రెండింటికి లేచి చూస్తే మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు, మాట తడబడుతోంది, మీటర్‌లో 54. చక్కెర నీళ్లు తాగించాం, పావుగంటకు 58. మళ్లీ తాగించాం, పెద్దగా కదల్లేదు. నా చేతులు వణికాయి, ఆ రాత్రి ఇప్పటికీ మర్చిపోలేను. ఆటోలో తీసుకెళ్తే అక్కడ గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చున్నాడు.

తర్వాత డాక్టరమ్మ చెప్పింది. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు చేసే పనే మామూలు చక్కెరను పేగుల్లో విరగనివ్వకపోవడం. అందుకే ఆ మాత్ర వాడేవాళ్లకు షుగర్ పడిపోతే చక్కెర, బెల్లం చప్పున పనిచేయవు, మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడే కావాలి. ఈ మాట మాత్ర రాసిచ్చిన రోజే మాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు మంచం పక్కన ఒక పొట్లం, షాపులో ఒకటి, నాయన చొక్కా జేబులో ఒకటి. 70 కంటే తగ్గితే 15 గ్రాములు, అంటే మా ఇంట్లో చెంచాతో నిండుగా మూడు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఒక్కసారి వంటింటి త్రాసులో తూచి మీ చెంచా లెక్క తెలుసుకోండి.

కోడలమ్మా, మీ మామ చీటీలో వోగ్లిబోస్ ఉందేమో చూడండి.

కేఆర్‌పురం కోడలు (మంగళవారం ఉదయం 9:30)

అన్నా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. చీటీ తీసి చూశాను, వోగ్లిబోస్ లేదు. గ్లూకోజ్ ప్యాకెట్ ఇప్పుడే తెప్పించాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే శుక్రవారం రమ్మన్నారు, అప్పటిదాకా అన్నం పరిమాణం మార్చకుండా తినే వరుస మాత్రం మార్చి చూడమన్నారు.

కానీ అక్కా, మన భోజనంలో కూర ముందు తినడం ఎలా? కూర అంటేనే అన్నంలో కలుపుకునేది కదా. ఇందాక ఉత్త బీరకాయ కూర గిన్నెలో పెట్టి ముందు ఇది తినండి మామయ్యా అంటే ఆయన నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో పెట్టినట్టుంది అన్నారు.

సెన్సర్ కుర్రాడు (మంగళవారం మధ్యాహ్నం 1:20)

నాకు 38, బెళ్లందూరులో ఉద్యోగం, పోయిన ఏడాది షుగర్ బయటపడింది. 14 రోజుల సెన్సర్ రెండుసార్లు పెట్టుకున్నాను, చేతికి అతికించేది, ఫోన్‌లో గీత కనిపిస్తుంది. అది రక్తంలో కాకుండా చర్మం కింది ద్రవంలో చూస్తుంది కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, అయినా నాకు చాలా నేర్పింది.

ముందు రాగిజావ ఆపండి. నా ఒంట్లో అదే అన్నిటికంటే ఘోరంగా పెరిగింది, 45 నిమిషాలకే 231. దర్శినిలో నిలబడి తిన్న రెండిడ్లీ వడ కూడా అంత పెరగలేదు. రాగి చెడ్డదని కాదు, మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో ఉడికించి, నమలకుండా తాగేస్తే అరగడానికి ఇంకేం మిగులుతుంది? అదే రాగి ముద్ద చిన్నది, సొప్పు సారుతో (ఇక్కడి ఆకుకూర పులుసు), ఒక గిన్నె ఉలవల గుగ్గిళ్లు ముందు తిని తింటే 170 దాటలేదు. ఇది నా ఒంటి సంగతి, మీ మామయ్య గారిది వేరుగా ఉండొచ్చు.

ఇంకోటి, రెండు గంటల అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. మారతహళ్లిలో మెస్‌కి వెళ్లి బిర్యానీ తిన్న రోజు రెండు గంటలకు 158 చూసి సంతోషించాను, నాలుగో గంటకు 212. నూనె, నెయ్యి ఎక్కువైతే పెరగడం ఆగదు, వాయిదా పడుతుంది.

తిన్నాక నడక కూడా కలపండి. 2016లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 41 మంది మీద చూశారు. రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటే, ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడిస్తే తిన్నాక షుగర్ సగటున 12 శాతం తక్కువ, రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. నేను రాత్రి కైకొండ్రహళ్లి చెరువు వైపు నడిచేవాణ్ని, ఇప్పుడు కార్ పార్కింగ్‌లోనే తిరుగుతున్నాను, గీతలో తేడా అంతే కనిపిస్తోంది.

గుంటూరు వంటిల్లు (మంగళవారం సాయంత్రం 4:45)

కోడలు పిల్లా, కూర గిన్నెలో పెట్టి తినమంటే ఏ మగాడూ తినడు, మా ఆయనా అంతే. దాన్ని పథ్యంలా పెట్టకు. పన్నెండున్నరకు, ఇంకా కంచం వేయకముందే, ఒక చిన్న పళ్లెంలో దోసకాయ ముక్కలు, ఉడికించిన పెసలో శనగలో తాలింపు పెట్టి కాస్త నిమ్మకాయ పిండి, ఆయన టీవీ చూస్తుంటే చేతికివ్వు. గుడ్డు తింటే ఒక ఉడికించిన గుడ్డు. పావుగంట తర్వాత కంచం వెయ్యి. ఆయన దృష్టిలో అది చిరుతిండి, మన లెక్కలో ముందు వెళ్లిన ప్రొటీన్, పీచు. మా ఇంట్లో ఏడాదిన్నరగా ఇదే జరుగుతోంది.

తర్వాత కంచంలో పప్పు. మనం పప్పు అని పెట్టేదాంట్లో పప్పు ఎంత, నీళ్లెంత? నేను గట్టిపప్పు చేయడం మొదలుపెట్టాను, తోటకూర, గోంగూర, మెంతికూర ఏదో ఒకటి అందులో కట్టలు కట్టలు వేస్తాను. అన్నం పిడికెడు, పప్పు రెండు పిడికెళ్లు, అలా కలుపుతాను. రంగు చూస్తే పప్పన్నమే. పెరుగన్నం చివర మానమంటే గొడవ, అందుకని పెరుగు ఎక్కువ, అన్నం రెండు ముద్దలు.

మెంతులు నేను రాత్రి రెండు చెంచాలు నానబెట్టి పొద్దున నమిలిస్తాను. 

పథ్యం గది (మంగళవారం రాత్రి 10:05)

గుంటూరు వంటిల్లు గారు చెప్పిన చిన్న పళ్లెం ఉపాయం రేపటి నుంచి నేనూ అందరికీ చెప్తాను.

మెంతుల మీద ఒక మాట. మెంతుల్లో బరువులో సగానికి దగ్గరగా పీచే ఉంటుంది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే దశాబ్దాల క్రితం షుగర్ ఉన్నవాళ్లకు మెంతిపిండి ఇచ్చి పరీక్షించారు, తగ్గింది కూడా. అయితే వాళ్లు ఇచ్చిన మోతాదు మనం చెంచాతో వేసుకునేదానికంటే చాలా ఎక్కువ. రెండు చెంచాలు మంచిదే, అద్భుతం ఆశించవద్దు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. ఇసబ్‌గోల్ అయితే నిండు గ్లాసు నీళ్లతో, మాత్రలకూ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండేలా.

జిమ్‌లో వాడే వే ప్రొటీన్ పొడి ముందు తాగితే ఎలా ఉంటుందని ఒకరు నాకు విడిగా రాశారు. దాని మీదా పరిశోధన ఉంది, 2014లో 15 మందికి ఉదయం భోజనానికి అరగంట ముందు 50 గ్రాములు ఇస్తే షుగర్ సుమారు 28 శాతం తగ్గింది. కానీ 63 ఏళ్ల మనిషికి, తొమ్మిదేళ్ల షుగర్ తర్వాత, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూడకుండా నేనైతే ప్రొటీన్ పొడి చెప్పను. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిశాకే. మనకు పెసలు, శనగలు, గుడ్డు, పనీర్, గట్టి పెరుగు ఉన్నాయి కదా.

పెన్నా ఒడ్డు (బుధవారం ఉదయం 7:15)

బియ్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. కొట్టులో షుగర్ వాళ్ల బియ్యం అని రెట్టింపు ధరకు అమ్ముతున్నారు, తీసుకోవచ్చా?

పథ్యం గది (బుధవారం ఉదయం 7:50)

పెద్దాయన గారూ, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు మన బియ్యాలనే పరీక్షించారు. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది షుగర్‌ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) సోనామసూరికి 72, పొన్నికి 70, సుర్తి కోలంకు 77. 70, ఆ పైన అంటే ఎక్కువ అని లెక్క, అంటే మనం రకం మార్చి పోట్లాడుకుంటున్నా మూడూ ఒకే వీధిలో ఉన్నాయి. సంచి మీద రాసినదాన్ని నమ్మే ముందు అది తిన్న రోజు, మామూలు అన్నం అంతే కొలతలో తిన్న రోజు రెండు గంటల అంకెలు పోల్చండి. ఎంత పెట్టుకుంటున్నామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. చపాతీకి మారితే చాలనుకునేవాళ్లకు కూడా ఇదే, రెండు మధ్యరకం చపాతీల పిండి దాదాపు ఒక కప్పు అన్నానికి సమానం. కోడలు గారి ఇంట్లో రాత్రి మూడు చపాతీలు, పైగా బంగాళదుంప.

2022లో ఐసీఎంఆర్ ఇండియాబ్ (దేశమంతటా షుగర్ మీద చేసిన సర్వే) బృందం 18,090 మంది తిండి లెక్కలు చూసి, కొత్తగా షుగర్ బయటపడ్డవాళ్లు తిరిగి మామూలు స్థితికి రావాలంటే శక్తిలో పిండి పదార్థాల వాటా 49 నుంచి 54 శాతానికి దిగాలని, ప్రొటీన్ 19, 20 శాతానికి పెరగాలని లెక్కకట్టారు. అంటే సగం వరకూ పిండి ఉండొచ్చు. అన్నం శత్రువని ఎవరూ అనడం లేదు, మన కంచంలో అది ముప్పాతిక ఆక్రమించింది, అంతే.

కేఆర్‌పురం కోడలు (తర్వాతి బుధవారం రాత్రి 9:10)

అందరికీ చెప్పాలని ఆత్రంగా ఉంది. శుక్రవారం డాక్టర్ దగ్గరికి వెళ్లాం, మీరు చెప్పినట్టు అంకెల పుస్తకం తీసుకెళ్లాను. గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు, అన్నం ఒకటిన్నర కప్పుల నుంచి కప్పుకి తెమ్మన్నారు. క్రియాటినిన్ బాగుంది. బీ12 తక్కువ వచ్చింది, దానికి మాత్రలు రాశారు. ఆయన కాళ్లు మంటలంటుంటే ఇన్నాళ్లూ వయసు అనుకున్నాను.

మధ్యాహ్నం రెండు గంటల అంకెలు వరుసగా రాస్తున్నాను: 228, 211, 204, 247, 196, 188. ఆ 247 ఆదివారం, చుట్టాలొచ్చారు, పులిహోర చేశాను, ముందు పళ్లెం మర్చిపోయాను. రాత్రి రెండు చపాతీలు, సొరకాయ శనగపప్పు కూర, తర్వాత మా వరండాలో పది నిమిషాలు ఇద్దరం నడుస్తున్నాం. రాగిజావ ఆపి పెసరట్టు వేస్తున్నాను, బియ్యం కలపకుండా. డబ్బా ఆవిడకి తిరిగిచ్చేశాను.

మామయ్య ఏదో రాయాలంటున్నారు, ఫోన్ ఇస్తున్నాను.

అందరికీ నమస్కారం. కోడలు మీ మాటలన్నీ చదివి వినిపించింది. అన్నం మానేయమని ఎవరూ అననందుకు సంతోషం. నా పొట్ట నిండుతోంది, మధ్యాహ్నం నిద్ర ముంచుకురావడం తగ్గింది. మొన్న హాప్‌కామ్స్ కూరగాయల కొట్టు దగ్గర అవరేకాయ గుట్టలు పోసి ఉన్నాయి, మా వైపు అనపకాయలంటాం. చిన్నప్పుడు మా అమ్మ పితికిపప్పు చేసేది. అది ముందు పళ్లెంలో తినొచ్చా, లేక అదీ పిండి కిందే లెక్కా? అనంతపురం వారు ఎవరైనా చెప్పాలి.

అనప పొలం (తర్వాతి బుధవారం రాత్రి 9:42)

పెద్దాయనా, హాయిగా తినండి. పిండి కొంత ఉంటుంది, దాంతోపాటే ప్రొటీన్, పీచు దండిగా ఉంటాయి, పప్పుధాన్యమే కదా. అయితే పితికిపప్పు అంటే నానబెట్టి పొట్టు పితికి తీసేస్తాం, పీచు చాలావరకు ఆ పొట్టుతోనే పోతుంది. అందుకని రోజూ అయితే పొట్టుతోనే ఉప్పేసి ఉడకబెట్టి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టించుకోండి, ఒక చిన్న కప్పు. పితికిపప్పు పులుసు పండగ రోజుకి పెట్టుకోండి, ఆ రోజు అన్నం ఇంకో రెండు ముద్దలు తగ్గించి, రెండు గంటలకు చూసి ఇక్కడ రాయండి. మా నాయన కూడా అదే అడుగుతున్నాడు.

కేఆర్‌పురం కోడలు (తర్వాతి బుధవారం రాత్రి 9:50)

అరకిలో కాయలు వలిచి నానబెట్టేశాం. రేపు మధ్యాహ్నం అంకె రాస్తాను.